మరను చెవితో నడిపిన రోజులు

బర్మింగ్‌హామ్ నగరానికి దక్షిణాన హాల్ గ్రీన్ అనే పేట ఉంది. వరసగా ఒకే తీరు ఇటుక ఇళ్ళు, బస్సులు, చిన్న చిన్న కొట్లు. ఆ ఇళ్ళ వెనగ్గా కోల్ అనే చిన్న ఏరు పారుతుంది. ఏటి పక్కన చెట్ల చాటున ఎర్ర ఇటుక గోడలు, పెంకుల కప్పు, దాన్ని ఆనుకుని పొడుగాటి పొగగొట్టం, వెనక ఒక చెరువు. అది సేర్‌హోల్ నీటి మర. 1542లో అక్కడ మొదటి మర వెలిసింది. ఇప్పుడున్న కట్టడం 1771 ప్రాంతంలో లేపింది. 1919 వరకు అది వ్యాపారానికి నడిచింది. ఒకప్పుడు ఈ నగరం పరిధిలోని ఏళ్ళ మీద, వాగుల మీద పదుల కొద్దీ నీటి మరలు తిరిగేవి. ఇప్పుడు నిలిచినవి రెండే. సేర్‌హోల్ ఒకటి, సటన్ కోల్డ్‌ఫీల్డ్‌లోని న్యూ హాల్ మర రెండోది.

ఉద్యోగం వల్ల ఈ ఊరు చేరిన నాకు సేర్‌హోల్ సంగతి మొదట చెప్పింది టోల్కీన్ అభిమానులు. ‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ రాసిన జె.ఆర్.ఆర్. టోల్కీన్ 1896 నుంచి 1900 దాకా, అంటే నాలుగో ఏటి నుంచి ఎనిమిదో ఏటి వరకు, ఈ మరకు దగ్గర్లోనే పెరిగాడు. తండ్రి దక్షిణాఫ్రికాలో చనిపోయాడు. తల్లి మేబెల్ ఇద్దరు మగపిల్లల్ని వెంటబెట్టుకుని, నగరపు పొగకు దూరంగా, అప్పటికింకా పల్లెగానే ఉన్న సేర్‌హోల్‌లో చిన్న ఇల్లు అద్దెకు తీసుకుంది. అన్నదమ్ములకు రోజంతా మర దగ్గరే కాలక్షేపం. చీకటి గుంటలో చక్రం తిరగడం చూసేవాళ్ళు, బస్తాలు బండిలోకి దిగుతుంటే చూసేవాళ్ళు. మరలో తండ్రీ కొడుకూ పనిచేసేవారు. తండ్రికి నల్లటి గడ్డం. ఆ రోజుల్లో అక్కడ ఎరువుకని ఎముకలు కూడా పొడి కొట్టేవాళ్ళు. ఆ పొడి ఒంటినిండా పడి తెల్లగా కనిపించే కొడుక్కి పిల్లలిద్దరూ ‘తెల్ల రాకాసి’ అని పేరు పెట్టి, అతను అదిలిస్తే పరుగు లంకించుకునేవాళ్ళు.

టోల్కీన్ ముసలితనంలో ఒక పేపర్లో ఈ మర ఫొటో చూశాడు. అప్పటికి మర శిథిలమై ఉంది. తన నవల రెండో కూర్పు ముందుమాటలో ఆ సంగతి రాశాడు. తనకు పదేళ్ళు నిండకముందే తన చిన్ననాటి పల్లెను పాడుచెయ్యడం మొదలైందని, ఆ మర ఒకప్పుడు తనకు ఎంతో ముఖ్యమైనదిగా ఉండేదని చెప్పుకున్నాడు. ఆయన నవల్లో మరను చెడగొట్టే ఘట్టం ఎందుకంత కోపంగా ఉంటుందో ఈ చెరువు గట్టున నిలబడితే నాకు అర్థమవుతుంది. కాకపోతే ఆయన చూసింది పిల్లవాడి కంటితో, కంచెకు ఇవతల నుంచి. నన్ను పట్టుకున్నది మాత్రం లోపలి సంగతి. అక్కడ ఒక పని ఉండేది, ఆ పనికి తగ్గ మనిషి ఉండేవాడు. ఆ మనిషికి ఏమేం తెలిసి ఉండాలో ఆ కట్టడమే చెబుతుంది.

బయట నుంచి చూస్తే మర ఇల్లులాగే ఉంటుంది. లోపల అడుగు పెట్టాక, ముందు యంత్రం నిలబెట్టి తర్వాత దాని చుట్టూ గోడలు లేపారనిపిస్తుంది. ఇంగ్లండులో పిండి మరలకు దాదాపు అన్నిటికీ ఒకటే లెక్క, మూడు అంతస్తులు. అన్నిటికంటే పైన, కప్పు కింద, గింజలు నిలవచేసే గదులు. నడిమి అంతస్తులో రాళ్ళు. కింద పిండి బస్తాలకెక్కే చోటు. గింజను ఒక్కసారి అటక మీదికి చేరిస్తే చాలు, అక్కడి నుంచి పిండిగా మారి కింది బస్తాలో పడేదాకా దాన్ని ఇంకెవరూ మోయనక్కర్లేదు. దాని బరువే దాన్ని దింపుతుంది. గోడల ఎత్తు, మెట్ల నిలువు, కిటికీల చోటు అన్నీ ఈ ఒక్క లెక్క మీదే కుదిరాయి. కేంబ్రిడ్జ్‌షైర్‌లో ఊజ్ నది మీద హౌటన్ మర అని ఇంకొకటి ఉంది, చెక్క పలకలు తొడిగిన అయిదంతస్తుల కట్టడం. అంత పెద్దదానిలోనూ ఇదే తర్కం, అంతస్తులే ఎక్కువ.

పైకి చేర్చే ఆ ఒక్కసారి కూడా మనిషి మోసేవాడు కాదు. నీళ్ళే మోసేవి. యంత్రపు ఇరుసు నుంచి ఒక బెల్టు అటక మీది డోలుకు వెళ్తుంది. మామూలప్పుడు ఆ బెల్టు వదులుగా ఉండి జారుతూ ఉంటుంది. కింద నిలబడ్డ మనిషి తాడు లాగగానే బెల్టు బిగిసి, డోలు తిరిగి, గొలుసుకు తగిలించిన బస్తా లేస్తుంది. ప్రతి అంతస్తు నేలలోనూ రెండు రెక్కల తలుపు. తోలు ముక్కలే వాటికి బందులు. బస్తా నెత్తితో ఆ రెక్కల్ని తోసుకుని పైకి వెళ్తుంది, వెళ్ళగానే రెక్కలు దాని కిందే టపామని మూసుకుంటాయి. బస్తా జారినా నేల మీదే ఆగుతుంది, మనిషి తెలియక అడుగువేసినా గోతిలో పడడు. రెండు చెక్కలు, రెండు తోలు ముక్కలు, అంతే. ఇంతకంటే తెలివైన తలుపు నేను ఇంకెక్కడా చూడలేదు.

కింది అంతస్తులో నీటి చక్రం వైపు గోడ పక్కన దిట్టమైన ఓక్ దూలాలతో కట్టిన చట్రం ఒకటి ఉంటుంది. టన్ను బరువుండే రాళ్ళన్నీ దాని నెత్తిమీదే కూర్చుంటాయి. మంచి మరల్లో ఆ చట్రం ఇంటి గోడల్ని పట్టుకోకుండా దాని కాళ్ళమీద అది నిలబడుతుంది. రాళ్ళ అదురు గోడల్లోకి ఎక్కితే ఇటుక బీటలిస్తుంది కాబట్టి. కట్టినవాళ్ళు వడ్రంగులు. మర పని ప్రత్యేకంగా నేర్చిన వడ్రంగులు ఊరూరా తిరుగుతూ, నీటి కొలత, కర్ర తత్వం, పళ్ళ లెక్క మూడూ తెలిసి పనిచేసేవాళ్ళు. ఇంగ్లండులో ఇంజనీరు అన్న ఉద్యోగానికి మూలపురుషులు చాలామంది ఆ వడ్రంగులే.

నీటి వైపు సంగతి కూడా చెప్పాలి. ఏటికి కట్టవేసి, పిల్లకాలువ తవ్వి, నీళ్ళను చెరువుకు మళ్ళిస్తారు. చెరువు నుంచి తూము తలుపు ఎత్తితే నీళ్ళు చక్రం మీద పడతాయి. ఎక్కడ పడతాయన్నదే అసలు ప్రశ్న. కింద నుంచి పారే నీళ్ళు పలకల్ని తోసే చక్రం ఒక రకం. పై నుంచి తొట్లలోకి నీళ్ళు పడి, ఆ బరువుకు తిరిగేది ఇంకో రకం. మధ్యలో నడుము ఎత్తున నీళ్ళందుకునేది మూడోది. ఏది మేలని శతాబ్దాల పాటు ఎవరికి తోచింది వాళ్ళు చెప్పారు. 1759లో జాన్ స్మీటన్ అనే ఇంజనీరు చిన్న నమూనా చక్రం చేసి, నీళ్ళు కొలిచి, బరువులు ఎత్తించి చూసి, పై నుంచి పడే నీళ్ళు సగటున రెట్టింపు పని చేస్తాయని రాయల్ సొసైటీకి లెక్కతో చూపించాడు. ఆ ఏడాది ఆ సంస్థ ఆయనకు కోప్లీ పతకం ఇచ్చింది. ఆ తర్వాత పల్లం దొరికిన చోటల్లా చక్రాలు మారాయి. చెక్క ఇరుసుల స్థానంలో పోత ఇనుము వచ్చింది కూడా ఆయన కాలం నుంచే.

నీటి చక్రం తీరుబడిగా తిరుగుతుంది, నిమిషానికి ఎనిమిదో పదో చుట్లు. పిండి ఆడాలంటే రాయి నూరు చుట్లు దాటాలి. ఆ వేగం రెండు మెట్లలో వస్తుంది. నీటి చక్రపు ఇరుసు గోడ దాటి లోపలికి వచ్చిన చోట సగం గుంటలో మునిగిన పెద్ద పళ్ళ చక్రం ఉంటుంది. అది ఒక చిన్న చక్రాన్ని తిప్పి, అడ్డంగా ఉన్న తిరుగుడును నిలువుగా మారుస్తుంది. నిలువు ఇరుసు కింది నుంచి అటక దాకా ఇంటి నడిమధ్య నిలబడి ఉంటుంది. దానికి రాళ్ళ కింద ఇంకో పెద్ద పళ్ళ చక్రం, దాని చుట్టూ ఒక్కో రాతి జతకు ఒక్కో చిన్న చక్రం. మర మొత్తం ఇంతే. నీళ్ళలో కదిలిన పలక నుంచి పిండి దాకా ఏ కీలు ఏ కీలును తిప్పుతోందో కంటికి కనిపిస్తుంది, వేలితో చూపించవచ్చు. దాచినది ఏదీ లేదు.

ఆ చక్రాల పళ్ళ దగ్గర నేను ఎప్పుడు వెళ్ళినా కాసేపు ఆగిపోతాను. ఇనుప చక్రానికి ఇనుప చక్రాన్ని జోడిస్తే మోత, నిప్పురవ్వలు. పిండి దుమ్ము నిండిన ఇంట్లో నిప్పురవ్వ అంటే ఇల్లు లేచిపోవడమే. అందుకని జతలో ఒక చక్రానికి చెక్క పళ్ళు బిగించేవాళ్ళు. ఆపిల్, హార్న్‌బీమ్ లాంటి గట్టి, సన్న రేక ఉన్న కర్ర. ఏదైనా అడ్డుపడితే ఒక చెక్క పన్ను విరుగుతుంది, అంతే. దాన్ని పీకి కొత్తది దిగ్గొడతారు. చక్రం బతుకుతుంది. ఇంకో కిటుకు కూడా ఉంది. రెండు చక్రాల పళ్ళ సంఖ్యలకు ఒకటి తప్ప ఉమ్మడి భాజకం లేకుండా చూసేవాళ్ళు. అందుకోసమే ఒక పన్ను అదనంగా పెట్టేవాళ్ళు. దానివల్ల ఒక పన్ను ప్రతిసారీ అదే పన్నును కలుసుకోదు. అరుగుదల అన్నిటికీ సమంగా పడుతుంది. ఈ లెక్క చేసిన వడ్రంగికి చదువు ఎంతో మనకు తెలియదు గాని, బుద్ధి మాత్రం ఆ చక్రంలో కనిపిస్తూనే ఉంది.

ఇక రాళ్ళు. మన తిరగలి ఎలా ఉంటుందో అలాగే, కిందిది కదలదు, పైది తిరుగుతుంది, మధ్యనున్న కన్నంలో గింజ పడుతుంది. తేడా పరిమాణంలోనే. నాలుగడుగుల అడ్డకొలత, దాదాపు టన్ను బరువు, నిమిషానికి నూరుకు పైన చుట్లు. పశువుల దాణాకు డర్బీషైర్ కొండల గరుకు రాయి సరిపోయేది. తెల్ల పిండి కావాలంటే మాత్రం రాయి ఫ్రాన్సు నుంచి రావాలి. పారిస్‌కు తూర్పున మార్న్ లోయలో లా ఫెర్తె అనే ఊరి దగ్గర దొరికే చెకుముకి జాతి రాయి అది. పెద్ద దిమ్మగా దొరకదు. ముక్కలు ముక్కలుగా తెచ్చి, చెక్కి, ఒకదానికొకటి అతికి, వీపున ప్లాస్టర్ పోసి, చుట్టూ ఇనుప కట్లు వేడిగా బిగించేవాళ్ళు. ఫ్రాన్సుతో యుద్ధాలు జరిగిన రోజుల్లో కూడా ఇంగ్లీషు మరవాళ్ళు ఈ రాయి కోసమే చూసేవాళ్ళు.

గింజ రాతి కన్నంలోకి ఎంత పడాలో నిర్ణయించే ఏర్పాటు ఉంది చూడండి, అది నాకు మరలో అన్నిటికంటే ఇష్టం. గింజలు పోసే తొట్టి కింద వాలుగా ఒక చిన్న చెక్క దోనె వేలాడుతుంది. రాయి మధ్యన నిలబడి, రాయితోపాటే తిరిగే పలకల కడ్డీ ఒకటి ఆ దోనెను టకటకమని కొడుతూ ఉంటుంది. కొట్టిన ప్రతిసారీ నాలుగు గింజలు జారతాయి. రాయి వేగంగా తిరిగితే దెబ్బలూ వేగం, గింజలూ ఎక్కువ. నీళ్ళు తగ్గి రాయి మందగిస్తే గింజలూ తగ్గుతాయి. ఎవరూ చెయ్యి పెట్టనక్కర్లేదు. దోనె వాలును సరిచేసే దారం ఒకటి నేల కన్నంలోంచి కిందికి దిగి, పిండి పడే చోట ఒక మేకుకు చుట్టి ఉంటుంది. మరవాడు పిండి చూస్తూ ఆ దారాన్ని బిగిస్తాడు, వదులుతాడు. తొట్టిలో ఒక తోలు పట్టీ గింజల కింద అణిగి ఉంటుంది. గింజలు అయిపోవచ్చేసరికి పట్టీ వదులై, దానికి కట్టిన గంట రాయి మీదికి జారి మోగుతుంది. మోగగానే పరుగెత్తాలి. గింజ లేకుండా రాయి రాయిని రాసుకుంటే గంట్లు అరిగిపోతాయి, రవ్వలు లేస్తాయి.

ఆ టకటక విన్న మొదటిసారే నాకు మా పెదనాన్న గుర్తొచ్చాడు. గుంటూరు జిల్లాలో మా ఊళ్ళో ఆయనకు పిండి మర ఉండేది, డీజిలు ఇంజనుతో నడిచేది. జొన్నలు, బియ్యం, మిరపకాయలు దేని రోజు దానికే. ఆయన వాకిట్లో మంచం మీద కూచుని వచ్చినవాళ్ళతో మాట్లాడుతూనే ఉన్నట్టుండి తల తిప్పి, “ఒరే, రాయి ఖాళీగా ఆడుతోంది, గింజ పొయ్యండ్రా” అని కేకేసేవాడు. ఆయన లోపలికి చూసింది లేదు. చప్పుడు మారిందంతే. సేర్‌హోల్‌లో మర ఆడించే రోజున స్వచ్ఛందంగా పనిచేసే ఒక పెద్దాయన అచ్చం అలాగే, నాతో మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగి, చెవి పెట్టి, మెట్లెక్కి వెళ్ళి తొట్టి చూసి వచ్చాడు. రెండు దేశాలు, రెండు యంత్రాలు. విద్య ఒకటే.

ఆ విద్యలో చెవి ఒక భాగం. రెండోది బొటనవేలు. పిండి గొట్టంలోంచి పడుతుండగా పెద్దాయన గుప్పెడు పట్టి, బొటనవేలితో చూపుడువేలి మీద పరిచి చూపించాడు. “మీరూ రుద్ది చూడండి” అన్నాడు. గోరువెచ్చగా ఉంది. పొట్టు వెడల్పుగా, పలచని రేకులుగా విడిపోయి, పిండి మెత్తగా, కాని కాస్త ఇసుక రవ్వలా తగలాలి. జిగటగా జారితే రాళ్ళు మరీ దగ్గరయ్యాయని, పిండి నలిగి చచ్చిపోతోందని అర్థం. అప్పుడు ఒక స్క్రూ బిగించి పై రాయిని వెంట్రుక వాసి లేపుతాడు. రెండు రాళ్ళ మధ్య సందు కన్నం దగ్గర కాస్త ఎక్కువ, అంచు దగ్గర పలచని కాగితమంత. టన్ను రాయి ఆ సందును నిలుపుకుంటూ తిరగాలి. మూడోది ముక్కు. రాయి వేడెక్కితే పిండి మాడిన వాసన, కొంచెమే అయినా, ముందు ముక్కుకే తెలుస్తుంది.

రాళ్ళకు గంట్లు పెట్టడం వేరే వృత్తి. నడిచే మరలో కొన్ని వారాలకోసారి పై రాయిని క్రేనుతో ఎత్తి, వెల్లకిలా తిప్పాలి. కన్నం నుంచి అంచు దాకా వాలుగా తవ్విన కాలువలు, వాటి మధ్య చదును పట్టీలు. కాలువలు గింజను బయటికి నడిపిస్తాయి, గాలి ఆడనిచ్చి చల్లబరుస్తాయి. పట్టీలు నలుపుతాయి. చెక్క బద్దకు ఎర్రమన్ను పూసి రాతి మీద రుద్దితే ఎత్తున్న చోట ఎర్ర మరక పడుతుంది. అక్కడ ఉలితో తడతారు. గోతాం మీద ఒక పక్కకు వాలి, మోచెయ్యి రాతికానించి, గంటల తరబడి సన్నటి గీతలు. అంగుళానికి పదహారు గీతలు పెట్టగలవాడు పనివాడు. ఉక్కు ముక్కలు ఎగిరి చేతి చర్మంలో దిగి నల్ల చుక్కలుగా ఉండిపోయేవి. పని అడుగుతూ వచ్చిన దేశదిమ్మరిని మరవాడు చొక్కా చేతులు పైకి మడవమనేవాడట. చేతుల మీది చుక్కలే అతని అనుభవానికి సాక్ష్యం. మన ఊళ్ళలో కూడా తిరగళ్ళకు గంట్లు కొడతామని కేకవేసుకుంటూ వీధి వీధి తిరిగేవాళ్ళు. వాళ్ళూ కనపడకుండా పోయారు.

ఈ పని గడియారం చూసి చేసేది కాదు. చెరువు నిండితే మర ఆడుతుంది, దిగితే ఆగుతుంది. ఎండాకాలంలో ఏరు సన్నబడితే రోజుకు కొన్ని గంటలే. వానలొస్తే రాత్రనక పగలనక. వరద మరీ పొంగితే చక్రం వెనక నీళ్ళు నిలబడి తిరగనివ్వవు. గట్టి చలికి చక్రం మీద మంచు పేరుకుంటే గొడ్డలితో కొట్టి వదిలించాలి. పై మరవాడు నీళ్ళు బిగబట్టాడని కింది మరవాడు కోర్టుకెక్కడం సర్వసాధారణం. తూము దగ్గర బుట్టలు కట్టి రాత్రిళ్ళు పాము చేపలు పట్టడం మరవాడికి పై సంపాదన. ఇది చాలా పాత అలవాటు. 1086లో విలియం రాజు చేయించిన దేశపు లెక్కల్లో దాదాపు 6 వేల మరలు నమోదయ్యాయి. వాటిలో కొన్నిటి శిస్తు పాము చేపల లెక్కనే రాసి ఉంది.

ఆ శిస్తు అనగానే మర అంత అమాయకమైన చోటు కాదని గుర్తు చేసుకోవాలి. ఆ రోజుల్లో మర దొరది. ఊరివాళ్ళు తమ గింజ అక్కడే ఆడించాలి, కూలిగా గింజలో వాటా ఇవ్వాలి. ఇంట్లో విసురుకోవడం నేరం. సెయింట్ ఆల్బన్స్ మఠానికి 1327 నుంచి 1336 దాకా అధిపతిగా ఉన్న రిచర్డ్ ఆఫ్ వాలింగ్‌ఫర్డ్ గొప్ప గణితజ్ఞుడు, అద్భుతమైన ఖగోళ గడియారం తయారుచేసినవాడు. ఆయనే ఊరి ఇళ్ళలోని తిరగళ్ళన్నీ గుంజుకుని, మఠం గదికి నేలగా పరిపించాడు. దాదాపు యాభై ఏళ్ళ తర్వాత, 1381 రైతు తిరుగుబాటులో ఊరి జనం వచ్చి ఆ నేల పెళ్ళగించి తమ రాళ్ళు తాము పట్టుకుపోయారు. మరవాడి మీద జనానికి నమ్మకం తక్కువన్నది చాసర్ ‘కాంటర్‌బరీ కథలు’ చూసినా తెలుస్తుంది. అక్కడి మరవాడు గింజ దొంగ. 1796 నాటి చట్టం గింజలో వాటా తీసుకోవడాన్ని చాలావరకు మాన్పించి, ధరలు రాసి మరలో తగిలించమంది.

నీటి మరల కథ ముగిసిన తీరుకు సేర్‌హోల్‌లోనే ఒక కొస ఉంది. ఇప్పటి కట్టడానికి ముందున్న మరను 1750ల చివర్లో కొన్నేళ్ళు మాథ్యూ బోల్టన్ అనే వ్యాపారి కౌలుకు తీసుకున్నాడు. గుండీల కోసం లోహపు రేకులు సాగదీయడానికి అతనికి నీటి బలం కావాలి. తర్వాత అతను బర్మింగ్‌హామ్ శివార్లలోని సోహోకు మారి, 1775లో జేమ్స్ వాట్‌తో కలిసి ఆవిరి ఇంజన్ల వ్యాపారం పెట్టాడు. ఆ ఇంజన్లతోనే 1786లో లండన్ బ్లాక్‌ఫ్రయర్స్ వంతెన పక్కన ఆల్బియన్ మర లేచింది. ఏరూ చెరువూ అవసరం లేని మహా మర. 1791లో అది తగలబడిపోతే, చుట్టుపక్కల మరవాళ్ళు వంతెన మీద చేరి సంబరం చేసుకున్నారు. సంబరం ఎన్నాళ్ళు? 1850లలో సేర్‌హోల్ కూడా తనకొక ఆవిరి ఇంజను తెచ్చుకుంది. మొదట్లో చెప్పిన పొగగొట్టం దానిదే.

రాళ్ళకు అసలు దెబ్బ ఆవిరి వల్ల తగల్లేదు. ఉక్కు రోలర్ల వల్ల తగిలింది. 1846లో ధాన్యం దిగుమతి మీద ఆంక్షలు ఎత్తేశాక అమెరికా గట్టి గోధుమలు ఓడల్లో వచ్చిపడ్డాయి. వాటిని రాయి కంటే రోలరు బాగా విడదీస్తుంది. 1878లో మాంచెస్టర్‌లో హెన్రీ సైమన్ అనే ఇంజనీరు పూర్తిగా రోలర్లతో నడిచే మరను ఏర్పాటు చేశాడు. కొన్నేళ్ళలోనే రేవు పట్టణాల్లో అలాంటివి పుట్టుకొచ్చాయి. రాయి గింజలోని మొలకను కూడా పిండిలో కలిపేస్తుంది. ఆ మొలకలోని నూనె వల్ల పిండికి రుచి, కమ్మదనం, త్వరగా కమురు పట్టే గుణం. రోలరు మొలకను తీసేస్తుంది. ఆ తెల్ల పిండి నెలల తరబడి నిలవ ఉంటుంది, రైలెక్కి ఎంత దూరమైనా పోతుంది. ఇక ప్రతి ఏటి మీదా ఒక మర ఎందుకు? పల్లె మరలు దాణా ఆడుతూ కొన్నాళ్ళు లాగించాయి. సేర్‌హోల్ కత్తులు పదును పెట్టింది, ఎముకలు పొడి చేసింది. టోల్కీన్ చూసిన తెల్ల రాకాసి ఈ ఆఖరి రోజుల మనిషి.

1919 తర్వాత మర యాభై ఏళ్ళు పాడుపడి ఉంది. పేట జనం ఊరుకోలేదు. 1960లలో వాళ్ళు చేసిన పోరు వల్ల మరమ్మతులు జరిగి, 1969లో మ్యూజియంగా తెరిచారు. టోల్కీన్ కూడా నిధికి చందా ఇచ్చాడు. 2010లలో యంత్రాన్ని మళ్ళీ నడిపే స్థితికి తెచ్చారు, గోధుమ పిండి ఆడుతోంది. ఇదే ఊరి రాక్ బృందం బ్లాక్ సబ్బాత్ వాళ్ళ 1970 నాటి మొదటి ఆల్బమ్ అట్ట మీది మర థేమ్స్ ఒడ్డున మేపుల్‌డర్హమ్‌లో ఉంది. అదీ ఇంకా పిండి ఇస్తోంది.

కట్టడం కాపాడటం కష్టమే గాని చేతనవుతుంది. చక్రాన్ని కాపాడాలంటే తిప్పుతూ ఉండాలి. నెలల తరబడి నిలిపేస్తే నీళ్ళ వైపు సగం నాని బరువెక్కుతుంది, పై సగం ఎండి విచ్చుకుంటుంది. తర్వాత తిప్పితే ఒక పక్కకు లాగి ఇరుసును తినేస్తుంది. పలకలకు ఒకప్పుడు ఎల్మ్ కర్ర వాడేవాళ్ళు, తడిలో అది చెడదు. 1970లలో తెగులు సోకి ఇంగ్లండులో ఎల్మ్ చెట్లు కోట్లలో పోయాయి. ఇప్పుడు ఓక్‌తో సరిపెట్టుకుంటున్నారు. రాతికి గంట్లు పెట్టడం చేతనైనవాళ్ళు దేశం మొత్తం మీద కొద్దిమందే. వాళ్ళ దగ్గర నేర్చుకోవడానికి కుర్రవాళ్ళు రావాలి, వచ్చినవాళ్ళకు జీతం దొరకాలి. మ్యూజియం అంటే గాజు పెట్టెలని అనుకునే చోట ఈ ఖర్చు ఒప్పించడం తేలిక కాదు. అయినా పెట్టాల్సిన ఖర్చు ఇదే.

మనవాళ్ళు ఈ ఊరికి వస్తే నేను సేర్‌హోల్‌కే తీసుకెళ్తాను, అదీ మర ఆడించే రోజు చూసుకుని. మీరు వచ్చినా ముందు చెరువు గట్టు చుట్టి, తర్వాత నేరుగా రాళ్ళ అంతస్తుకు ఎక్కండి. కాసేపు ఏమీ చూడకుండా వినండి. దిగేటప్పుడు కింద పిండి సంచి ఒకటి కొనుక్కోండి. మా ఇంట్లో దాంతో పుల్కాలు చేస్తారు. కొంచెం ముదురు రంగు, కాస్త గరుకు, మంచి రుచి. కమురు పట్టకముందే, కొన్న నెలలోపు వాడెయ్యండి.